బార్ మిట్స్వా ఫోటోలు తీయడం ఎలా: మొదటి ఫోన్ కాల్ నుంచి ఆల్బమ్ దాకా

న్యూజెర్సీ చుట్టుపక్కల వారాంతాల్లో ఓణీల ఫంక్షన్లు, పంచెల ఫంక్షన్లు, గృహప్రవేశాలు తీసే మనవాళ్లు ఈమధ్య తరచూ ఒకే మాట అడుగుతున్నారు. "ఆఫీసులో కొలీగ్ వాళ్లబ్బాయి బార్ మిట్స్వా అట, ఫోటోలు తీస్తావా అంటున్నాడు. ఒప్పుకోవచ్చా?"

ఒప్పుకోండి. ఇది యూదుల కుటుంబాల్లో పిల్లవాడు పెద్దవాడయ్యాడని చేసే వేడుక. కాకపోతే మన ఫంక్షన్ తీసినట్టు తీద్దామని మాత్రం వెళ్లకండి. మన మండపంలో ఫోటోగ్రాఫర్‌దే రాజ్యం. అక్షింతలు సరిగ్గా పడకపోతే "పంతులుగారూ, ఒక్క నిమిషం" అని మళ్లీ వేయిస్తాం. సినగాగ్‌లో, అంటే యూదుల ప్రార్థనా మందిరంలో, ఆ ఒక్క నిమిషం దొరకదు. చాలాచోట్ల వేడుక రోజు కెమెరా బ్యాగులోంచి బయటికే తీయనివ్వరు. అందుకే ఈ పనిలో ముఖ్యమైన ఫోటోలన్నీ వేడుకకు ముందే, వారం మధ్యలో పెట్టే రిహార్సల్ రోజున, ఖాళీ హాల్లో తీసేయాలి. కింద చెప్పేదంతా ఈ లెక్క మీదే నడుస్తుంది.

## 1. ముందు తేల్చుకోవాల్సింది: ఏ సంప్రదాయం, ఏ రోజు

అబ్బాయికి 13 ఏళ్లు నిండితే బార్ మిట్స్వా. అమ్మాయికైతే బాట్ మిట్స్వా. ఆర్థడాక్స్ కుటుంబాల్లో 12కే, మిగతా చోట్ల 12కో 13కో చేస్తారు. పిల్లవాడు అందరి ముందూ హీబ్రూలో తోరా, అంటే తోలు చుట్ట మీద రాసిన యూదుల పవిత్ర గ్రంథం, చదవడమే ఇందులో అసలు ఘట్టం. రాత్రి పార్టీ దాని తర్వాతిది.

ఇది ఎక్కువగా శనివారం ఉదయం జరుగుతుంది. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటి పడి చుక్కలు కనబడేదాకా షబ్బాత్, అంటే మన తెలుగు బైబిల్లో విశ్రాంతి దినం అన్నది ఇదే. నిష్ఠగా ఉండేవాళ్లు ఆ వేళల్లో ఫోన్ ముట్టరు, లైటు స్విచ్ వేయరు, ఫోటో తీయరు, తీయనివ్వరు. అమెరికాలో యూదుల పెద్ద శాఖలు మూడు, నియమాలు కఠినంగా ఉన్నవాటి నుంచి మొదలుపెడితే:

- ఆర్థడాక్స్: షబ్బాత్ రోజు కెమెరా లేనే లేదు. ఆడవాళ్లు, మగవాళ్లు వేరువేరుగా కూర్చుంటారు, మధ్యలో తెర గానీ అడ్డుగోడ గానీ ఉంటుంది. అమ్మాయిల వేడుక చాలావరకు తోరా చదవడం కాకుండా ప్రసంగంతో, విందుతో జరుగుతుంది.
- కన్సర్వేటివ్: ఎక్కువచోట్ల షబ్బాత్ రోజు ఫోటోలు కుదరవు. అడిగి తీరాలి.
- రిఫార్మ్: చాలాచోట్ల వెనక నుంచి, ఫ్లాష్ లేకుండా, కదలకుండా తీయనిస్తారు. కొన్నిచోట్ల ఇదీ ఉండదు.

తోరాను సోమ, గురువారాల ఉదయం కూడా చదువుతారు కాబట్టి కొందరు ఆ రోజుల్లో పెట్టుకుంటారు. అప్పుడు ఫోటోలకు అనుమతి దొరకడం తేలిక. పైగా ఒక అదనపు దృశ్యం ఉంటుంది: నుదుటికి, చేతికి కట్టుకునే తెఫిలిన్ అనే నల్లటి తోలు పెట్టెలు. వీటిని షబ్బాత్ రోజు కట్టుకోరు. వారం మధ్యలో తాతో తండ్రో ఆ తోలు పట్టీని పిల్లవాడి చేతికి చుడుతుంటే తీసిన ఫోటో నా లెక్కలో పార్టీ ఫోటోలు వందకు సమానం.

"రిఫార్మే కదా, పర్లేదులే" అని మీరే అనుకోవద్దు. ఒకే సంప్రదాయంలో పక్కపక్క వీధుల సినగాగ్‌లకే వేరువేరు నియమాలుంటాయి.

## 2. మొదటి కాల్‌లో అడగాల్సినవి

సినగాగ్‌లు తేదీని రెండు మూడేళ్ల ముందే ఇస్తాయి. కాబట్టి కుటుంబం మీకు ఏడాది ముందు ఫోన్ చేసినా కంగారు పడకండి, అది మామూలే. కాగితం పెట్టుకుని ఇవి రాసుకోండి:

- సినగాగ్ పేరు, ఫోటోల నియమాలు చెప్పే ఆఫీసు మనిషి ఎవరు
- వేడుక శనివారం ఉదయమా, సాయంత్రమా, సోమ/గురువారమా
- రిహార్సల్ ఏ రోజు, హాలు మనకు ఎంతసేపు ఇస్తారు
- ఆ రోజు తోరా చుట్ట బయటికి తీస్తారా, తెరుస్తారా
- పార్టీ ఎక్కడ, ఎన్నింటికి, ఎంతమంది, అందులో పిల్లలెంతమంది
- స్వాగతం దగ్గర పెట్టే సంతకాల బోర్డుకు ఫోటోలు కావాలా
- తల్లిదండ్రులు విడిపోయారా, ఎవరెవరు ఒకే ఫ్రేమ్‌లో ఉండకూడదు
- నడవలేని పెద్దవాళ్లు, ఈమధ్య కుటుంబంలో పోయినవాళ్లు

విడాకుల సంగతి అడగడానికి మనకు మొహమాటం. అడగకపోతే వేదిక మీద "డాడ్, మామ్ పక్కకు రండి" అని మీరు పిలిచినప్పుడు హాలంతా నిశ్శబ్దం అయిపోతుంది, ఆ మొహమాటం ఇంకా పెద్దది.

## 3. టైం లెక్క, ఒప్పందం

పార్టీ షబ్బాత్ ముగిశాకే మొదలవాలనే కుటుంబమైతే ఏ నెలో చూసుకోండి. న్యూజెర్సీలో జూన్ చివర్లో షబ్బాత్ ముగిసేసరికి రాత్రి తొమ్మిది దాటుతుంది, డిసెంబర్లో ఐదున్నరలోపే అయిపోతుంది. జూన్ పార్టీ అంటే మీరు ఇల్లు చేరేసరికి రెండు అవుతుంది. గంటల లెక్క అలాగే వేసుకోండి. ఈ బాధ లేకుండా చాలామంది ఆదివారం పెట్టుకుంటారు.

ఒప్పందంలో రిహార్సల్ షూట్‌ని వేరే ఐటంగా రాయండి. "ఫ్రీగా వస్తాలెండి" అన్నారంటే అదే ఈ ఉద్యోగంలో అతి ముఖ్యమైన రోజని మీకింకా అర్థం కానట్టే.

చివరి పేమెంట్, చెక్కు, టైం కన్ఫర్మేషన్, అన్నీ శుక్రవారం మధ్యాహ్నంలోపే. శనివారం పొద్దున "పార్కింగ్ ఎక్కడండీ?" అని మెసేజ్ పెడితే జవాబు రాదు. షబ్బాత్ రోజు డబ్బు మాట ఎత్తకూడదు.

## 4. సినగాగ్‌ని ముందే చూసి రండి

అరగంట చాలు. వేడుక జరిగే వేళకే వెళితే మరీ మంచిది, రంగు అద్దాల కిటికీల్లోంచి ఎండ ఎటు పడుతుందో తెలుస్తుంది. ఉదయం పదింటికి పిల్లవాడి ముఖం సగం నీలం, సగం ఎరుపు అయితే తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ కాపాడదు.

చూడాల్సినవి:

- బీమా, అంటే తోరా చదివే వేదిక, ఎంత ఎత్తులో ఉంది. హాలు ముందు ఉందా, మధ్యలో ఉందా
- మైకు, చదివే బల్ల పిల్లవాడి ముఖానికి అడ్డొస్తాయా
- లైట్లు ఎల్‌ఈడీలా. సైలెంట్ షట్టర్‌తో నాలుగు ఫోటోలు తీసి చారలు పడుతున్నాయేమో చూడండి
- వెనక నుంచి తీయాల్సి వస్తే మీరు నిలబడే చోటు ఏది

చారలు పడితే షట్టర్ వేగం 1/125కో 1/60కో దించండి. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్, మన ఊళ్లో అలవాటైన 50 లెక్క ఇక్కడ పనికిరాదు.

చాలా సినగాగ్‌ల దగ్గర గేటులో సెక్యూరిటీ ఉంటుంది, బ్యాగులు తెరిచి చూస్తారు. మీ పేరు, అసిస్టెంట్ పేరు ముందే లిస్టులో పెట్టించండి, ఐడీ జేబులో ఉంచుకోండి.

బట్టలు: మగవాళ్లు సూటు, లేదా కనీసం ఫుల్ హ్యాండ్స్ చొక్కా, ఆడవాళ్లు భుజాలు, మోకాళ్లు కప్పే దుస్తులు. లోపల మగవాళ్లు యూదులు కాకపోయినా తల మీద కిప్పా అనే చిన్న టోపీ పెట్టుకోవడం మర్యాద. గుమ్మం దగ్గర బుట్టలో ఉంటాయి. వంగి ఫోటో తీసేటప్పుడు జారిపడుతుంది కాబట్టి రెండు క్లిప్పులు జేబులో వేసుకోండి. బ్యాగులో తిండి పెట్టుకుని లోపలికి వెళ్లకండి. కోషర్ అనే యూదుల ఆహార నియమాల వల్ల బయటి తిండి పనికిరాదు, చికెన్ పఫ్ అసలే పనికిరాదు.

## 5. రిహార్సల్ రోజు: ఆల్బమ్‌లో సగం ఇక్కడే

సాధారణంగా వేడుక వారంలోనే బుధవారమో గురువారమో గంటో గంటన్నరో ఇస్తారు. పిల్లవాడు వేడుక రోజు వేసుకునే బట్టలే వేసుకోవాలి, తాళిత్ అనే అంచు కుచ్చుల శాలువా వెంట తేవాలి. హెయిర్‌కట్ ముందే అయిపోవాలని గుర్తు చేయండి. గురువారం జుట్టు ఒకలా, శనివారం ఇంకోలా ఉంటే ఆల్బమ్ అతుకుల బొంతలా కనిపిస్తుంది.

5.1 ముందు అనుమతి, తర్వాత లైట్లు. సినగాగ్ మతగురువైన రబ్బీని గానీ, ప్రార్థన పాడించే కాంటర్‌ని గానీ కలిసి ఏం ముట్టుకోవచ్చో అడగండి. తోరా తోలు మీద చేత్తో రాసిన చుట్ట. దాని రాత మీద వట్టి చెయ్యి వేయరు. ఫ్రేమ్ కోసం మీరే చుట్టను జరపడం, పేజీ సర్దినట్టు సర్దడం వద్దు, వాళ్లనే జరపమనండి.

నా మొదటి రిహార్సల్లో లెన్స్ మార్చే హడావిడిలో ఫ్లాష్‌ని చదివే బల్ల మీద పెట్టాను. రబ్బీ ఏమీ అనలేదు. వచ్చి, దాన్ని రెండు చేతులతో తీసి, కుర్చీలో పెట్టి వెళ్లారు. మన గర్భగుడి గట్టు మీద ఎవరైనా చెప్పులు పెడితే ఎలా ఉంటుందో అప్పుడు తట్టింది. అప్పటినుంచి నడుముకు పౌచ్ కట్టుకునే వెళ్తున్నాను.

5.2 తోరా ఎత్తుకున్న ఫోటో ముందే తీసేయండి. పెద్ద చుట్ట దాదాపు పది కిలోలుంటుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. కుడి భుజానికి ఆనించి ఎత్తుకుంటారు. 13 ఏళ్ల పిల్లవాడు ఐదు నిమిషాలకే వంగిపోతాడు, నవ్వు బిగుసుకుపోతుంది. లైటు, ఫోకస్ తండ్రిని నిలబెట్టి సరిచూసుకుని, అన్నీ కుదిరాకే పిల్లవాడి చేతికి ఇప్పించండి. ఉంటే చిన్న చుట్ట అడగండి.

5.3 వేలి దగ్గరి ఫోటో. చదివేటప్పుడు అక్షరాల మీద వేలు పెట్టరు. యాద్ అనే వెండి పుల్లతో చూపిస్తారు. దాని కొసన చూపుడు వేలు చాచిన చిట్టి చెయ్యి చెక్కి ఉంటుంది. 85 లేదా మ్యాక్రో లెన్స్‌తో, ఎఫ్ 4 దగ్గర, ఆ చిట్టి వేలు మీద ఫోకస్ పెట్టండి. వెనక నల్లటి అక్షరాల వరసలు మెత్తగా కరిగిపోవాలి, యాద్ పట్టుకున్న పిల్లవాడి గోళ్లు మాత్రం కనబడాలి. ఒకబ్బాయి గోటి కింద ఇంకా సాకర్ గ్రౌండ్ మట్టి ఉంది. వాళ్లమ్మ ఆ ఫోటోనే గోడకు పెట్టుకుంది.

హీబ్రూ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. కుడిచేతి వాటం పిల్లవాడైతే మీరు అతనికి ఎడమవైపు ముందు మూలన నిలబడండి. కుడివైపు ఉంటే చెయ్యి ముఖానికి అడ్డొస్తుంది. నిజంగానే నాలుగు వాక్యాలు చదవమనండి. చదువుతున్నట్టు నటించే పిల్లలు అందరూ ఒకేలా ఉంటారు.

5.4 తరం నుంచి తరానికి. తోరా చుట్ట తాత చేతి నుంచి తండ్రికి, తండ్రి నుంచి పిల్లవాడికి అందే దృశ్యం. ఇది కన్సర్వేటివ్, రిఫార్మ్ చోట్ల ఎక్కువ. వరసగా నిలబెట్టి, చేతులు ఒకదాని మీద ఒకటి పడే క్షణానికి ఐదారు ఫోటోలు వరసగా కొట్టండి.

ఈ తాతలు మాటకారులు. మీదే ఊరని అడుగుతారు, మీ దేశంలో యూదులున్నారా అంటారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనె ఎఫ్రాయిం యూదులున్నారని, వాళ్లకు సొంత సినగాగ్ ఉందని చెప్పండి. ఆశ్చర్యంతో ముఖం విప్పారుతుంది. ఆ టైంలో క్లిక్ చేయడానికి అసిస్టెంట్‌ని సిద్ధంగా ఉంచండి.

5.5 గ్రూపులు. పేర్లతో లిస్టు ముందే తెప్పించుకోండి. 20 గ్రూపులు దాటనివ్వకండి, గ్రూపుకు రెండు మూడు నిమిషాలు వేసుకోండి. మొదట అవ్వాతాతలు ఉన్నవన్నీ తీసేసి వాళ్లను కూర్చోబెట్టండి. ఆర్థడాక్స్ కుటుంబాల్లో పరాయి ఆడా మగా తాకరు. భుజం పట్టుకుని జరపడం, మీరే తాళిత్ సర్దడం చేయకండి, నోటితో చెప్పండి.

రిహార్సల్ ముగిసే ముందు టిక్ పెట్టుకోండి:

- పిల్లవాడు ఒక్కడే: తాళిత్‌తో, తాళిత్ లేకుండా
- తోరా ఎత్తుకుని, తోరా చదువుతూ, యాద్ క్లోజప్
- తోరా చుట్టలుంచే మందసం తెరిచి, ముందు కుటుంబం
- తాత, తండ్రి, పిల్లవాడు
- తల్లి తాళిత్ కప్పుతూ
- గ్రూపుల లిస్టు మొత్తం
- మనుషులు లేని హాలు, వైడ్‌గా ఒకటి

## 6. బ్యాగులో ఏముండాలి

రెండు కెమెరా బాడీలు, రెండూ రెండు కార్డుల స్లాట్లున్నవి. 24–70, 70–200 ఎఫ్ 2.8 లెన్సులు, పార్టీకి 16–35, ఒక 85. ఫ్లాష్‌లు మూడు, స్టాండ్లు రెండు, స్టాండ్ల కాళ్లకు ఇసుక సంచులు (పరిగెత్తే 60 మంది పిల్లలుంటారు, ఇసుక సంచి మర్చిపోకండి). చిన్న స్టూలు. ఇంతే, మిగతాది మీకు తెలిసిందే.

## 7. వేడుక రోజు లోపల తీయనిస్తే

సైలెంట్ మోడ్, ఫోకస్ లైటు ఆఫ్, స్క్రీన్ ఆఫ్. 70–200తో, షట్టర్ 1/160 కింద పడకుండా (చారలు పడే హాల్లో మాత్రం పైన చెప్పిన 1/125), ఐఎస్‌ఓ 3200 నుంచి 6400. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదలకండి, రిహార్సల్ రోజు చూసిన విలువ పెట్టేయండి.

ఒకచోట నిలబడి అక్కడే ఉండండి. మందసం తలుపులు తెరిచినప్పుడు, తోరాను పైకెత్తి చూపినప్పుడు అందరూ లేచి నిలబడతారు. వెనకున్న మీకు వీపులే మిగులుతాయి. అందుకే బాల్కనీ ఉందేమో ముందే అడగండి.

కెమెరా దించాల్సిన వేళలూ ఉన్నాయి. అందరూ నిలబడి గొంతు లేకుండా ప్రార్థించేటప్పుడు, పోయినవాళ్ల కోసం కద్దిష్ చదివేటప్పుడు తీయకండి. ఏడుస్తున్న ముఖం ఎంత బాగా కనబడినా సరే.

చదవడం అయ్యాక చాలాచోట్ల పిల్లవాడి మీద మెత్తటి జెల్లీ చాక్లెట్లు విసురుతారు. రెండు సెకన్ల పని. షట్టర్ 1/500, వరసగా కొట్టడం, ఫోకస్ ముఖం మీదే. ఒకసారి నేను చాక్లెట్ల వాన అద్భుతంగా పట్టాను, తీరా చూస్తే పిల్లవాడు పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఇప్పుడు ముందే చెబుతున్నాను: "కళ్లు మూసుకో, ముఖం దాచుకోకు."

## 8. పార్టీ

హాల్‌కి గంట ముందు చేరండి. అలంకరణ, బల్లలు, కేకు, ఇవన్నీ అతిథులు రాకముందే. డీజేతోనూ, మైకు పట్టుకునే ఎంసీతోనూ ఐదు నిమిషాలు కూర్చుని వరస రాసుకోండి: ప్రవేశం, హోరా, రొట్టె మీద ప్రార్థన, కొవ్వొత్తులు, తల్లితో డాన్స్, వీడియో. ఏది మొదలయ్యే ముందైనా మీవైపు చూసి తల ఊపమని చెప్పండి. పార్టీలో మీకు అసలు పార్ట్‌నర్ ఎంసీయే.

8.1 హోరా. గుండ్రంగా చేతులు పట్టుకుని తిరిగే డాన్స్. పది పదిహేను నిమిషాలు సాగుతుంది. దాని మధ్యలో పిల్లవాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి పైకెత్తుతారు, తర్వాత అమ్మను, నాన్నను, తోబుట్టువులను. ఒక్కొక్కరు గాల్లో ఉండేది అర నిమిషం.

1. డాన్స్ ఫ్లోర్ ఎదురెదురు మూలల్లో రెండు ఫ్లాష్ స్టాండ్లు ముందే పెట్టండి, పవర్ 1/8 నుంచి 1/16.
2. కెమెరా: ఎఫ్ 4, 1/100 చుట్టుపక్కల, ఐఎస్‌ఓ 1600. రంగు లైట్లు కొంచెం బతకాలి.
3. మొదట వలయం బయట స్టూలు మీద నుంచి వైడ్.
4. కుర్చీ కనబడగానే 16–35తో వలయం లోపలికి దూరండి. లెన్స్ మార్చే పని అప్పుడు పెట్టుకోకండి, రెండో బాడీకి ముందే తగిలించుకోండి.
5. ముందు కుర్చీలోని ముఖం, తర్వాత కింద మోసేవాళ్ల ముఖాలు. మోసే మేనమామల అవస్థ ఫోటోలు ఇంట్లోవాళ్లు ఏళ్ల తరబడి చూసి నవ్వుకుంటారు.
6. వెనక్కి నడవకండి. మీ వెనక కూడా ఒక కుర్చీ లేస్తూ ఉంటుంది.

ఆర్థడాక్స్ పార్టీలో మగవాళ్ల వలయం, ఆడవాళ్ల వలయం వేరు. ఇద్దరు ఫోటోగ్రాఫర్లు కావాలి, రెండోవైపు ఆడమనిషి అయితే మేలు.

8.2 కొవ్వొత్తులు. కేకు బల్ల దగ్గర 13 కొవ్వొత్తులు, కొన్నిచోట్ల ఒకటి అదనం. ఒక్కోదానికి చుట్టాల్లో ఒక్కొక్కరిని పిలుస్తారు. ఒకే చోట నిలబడి అందరినీ ఒకే సైజు ఫ్రేమ్‌లో తీయండి, ఆల్బమ్‌లో పేజీ అందంగా కుదురుతుంది. పోయిన అమ్మమ్మ పేరు మీద వెలిగించే కొవ్వొత్తి ఏదో ముందే తెలుసుకుని, ఆ సమయంలో కెమెరాను తల్లి వైపు తిప్పండి.

8.3 పిల్లలు. ఫోటోలు ఎక్కువ, మంచివి తక్కువ వచ్చే చోటు. పావుగంట గడిపి వచ్చేయండి.

## 9. తరచూ జరిగే తప్పులు, సర్దుబాటు

- సంతకాల బోర్డు ఫోటోలు ఆలస్యం. దీనికి రిహార్సల్ పనికిరాదు. నెలన్నర రెండు నెలల ముందే పార్కులోనో ఇంటి దగ్గరో వేరే షూట్ పెట్టుకోండి.
- రిహార్సల్లో తోరా తెరవనివ్వలేదు. వాదించకండి. మూసిన చుట్టతో, ప్రాక్టీస్ పుస్తకంతో, తాళిత్ కుచ్చులు పట్టుకున్న చేతులతో తీయండి.
- ఫ్లాష్ పొరపాటున వెలిగింది. బ్యాటరీ తీసేయండి. స్విచ్‌ని నమ్మకండి.
- ఆర్థడాక్స్ సినగాగ్‌లో చీకటిగా ఉందని లైటు వేయడం. షబ్బాత్ రోజు స్విచ్ ముట్టకండి, వేయమని అడగనూ వద్దు.
- అతిథుల పిల్లల ఫోటోలు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టడం. అందరూ మైనర్లే. వాళ్ల తల్లిదండ్రుల అనుమతి రాతలో లేకపోతే పెట్టకండి.

## 10. డెలివరీ, ఆల్బమ్

ఇంటికి రాగానే కార్డులు రెండు చోట్ల కాపీ చేయండి, మూడోది క్లౌడ్‌లోకి. పది పదిహేను ఫోటోలు ఆదివారమో సోమవారమో పంపితే కుటుంబం మీ పేరు వాళ్ల సర్కిల్‌లో వాళ్లే చెబుతారు. వాళ్ల పిల్లవాడి క్లాసులో ఆ ఏడాది బార్ మిట్స్వాలు ఇంకా చాలా ఉంటాయి.

ఆల్బమ్‌లో రిహార్సల్ ఫోటోలు ముందు, పార్టీ తర్వాత. రిహార్సల్ ఫోటోలను వేడుక రోజువే అన్నట్టు క్యాప్షన్ పెట్టకండి. షబ్బాత్ రోజు తీశామని చుట్టాలు అనుకుంటే ఇబ్బంది పడేది ఆ కుటుంబమే.

అట్ట మీద చాలామంది పిల్లవాడి హీబ్రూ పేరు వేయమంటారు. కొన్ని డిజైన్ సాఫ్ట్‌వేర్లలో హీబ్రూ అతికిస్తే అక్షరాలు తలకిందులు కావు గానీ వరస తిరగబడుతుంది, అంటే పేరు చివరి నుంచి మొదటికి పడుతుంది. మనకు ఆ లిపి రాదు కాబట్టి కంటికి ఏ తేడా తెలియదు. నేను అలా అచ్చయిన ఆల్బమ్ తీసుకెళ్లి ఇస్తే, ఆ అబ్బాయి అట్ట మీద వేలు పెట్టి కుడి నుంచి చదువుకుంటూ వచ్చి, ఆగి, మళ్లీ చదివి, వాళ్లమ్మ వైపు చూశాడు. సొంత ఖర్చుతో మళ్లీ వేయించాను. ఇప్పుడు అట్ట నమూనాను ముందు కుటుంబానికి పంపుతాను, పిల్లవాడే చూసి "సరిగ్గా ఉంది" అని మెయిల్ పెట్టాకే ప్రింట్‌కి పంపుతాను.